డెస్క్‌టాప్ డేటాబేస్ మీద ఒక్కరోజు శిక్షణ: వాడేవారినీ తయారుచేసేవారినీ ఉదయమే విడదీయకండి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ సంస్థలో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో రోజూ వివరాలు నమోదు చేసేవారు, రిపోర్టులు తీసేవారు ఇరవై మంది దాకా ఉన్నారు. దాన్ని తయారుచేసి నడిపిస్తున్నవారు ముగ్గురు. అందరికీ ఒక్కరోజు శిక్షణ పెట్టాలి. రెండు బృందాలను రెండు గదుల్లో కూర్చోబెట్టాలా, ఒకే గదిలోనా? టేబుళ్ల నుంచి వీబీఏ (యాక్సెస్‌లో కోడ్ రాసే భాష) దాకా మీరు రాసుకున్న అంశాల జాబితా సరిపోతుందా?

ముందు జాబితా సంగతి. అందులో సగం తీసేయండి. ఒక్కరోజులో మెనూలన్నీ చూపించవచ్చు, కానీ మర్నాటికి ఎవరికీ ఏదీ గుర్తుండదు. మెనూలు అవసరం పడినప్పుడు వెతికి నేర్చుకోగలిగినవి. ఎవరికి వారు వెతికి నేర్చుకోలేనిది ఒకటుంది: సమాచారాన్ని టేబుళ్లుగా విడగొట్టి ఆలోచించడం. మీ దగ్గరున్న ఆ ఒక్కరోజులో ఎక్కువ భాగాన్ని దానికే ఇవ్వండి. ఇక గదుల సంగతి. భోజన విరామం వరకు అందరూ ఒకే గదిలో, ఒకే ఫైలు మీద పనిచేయాలి. ఆ తర్వాత విడిపోవాలి. చివరి గంటలో మళ్లీ కలవాలి. ఎందుకో చెబుతాను.

డేటాబేస్‌లో వచ్చే తప్పుల్లో చాలా వాటికి కారణం వాడేవారూ కాదు, తయారుచేసేవారూ కాదు; ఇద్దరి మధ్య జరగని సంభాషణ. ఉదాహరణకు పరికరాల మరమ్మతుల డేటాబేస్‌లో ‘స్థితి’ అనే ఫీల్డ్ ఉందనుకోండి. తయారుచేసిన వ్యక్తి దాన్ని ఏదైనా రాయగలిగే టెక్స్ట్ ఫీల్డ్‌గా వదిలేశారు. ఒకరు ‘పూర్తి’ అని, ఇంకొకరు ‘పూర్తయింది’ అని, మరొకరు ‘అయింది’ అని రాస్తున్నారు. రిపోర్టు మాత్రం ‘పూర్తి’ అన్నవాటినే లెక్కపెడుతోంది. లెక్క తప్పుతోందని నెలాఖరున గొడవ. వాడేవారికి తాము రాసిన మాటను ఒక క్వెరీ, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న, అక్షరం అక్షరం పోల్చి చూస్తుందని తెలియదు. తయారుచేసినవారికి అక్కడ ఎన్ని రకాలుగా రాస్తున్నారో తెలియదు. ఈ ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి ఎంత గొప్పగా బోధించినా ఈ గొడవ తీరదు.

శిక్షణకు ముందు చేయాల్సిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. వీటిని తేలిగ్గా తీసుకుంటే మొదటి గంట గల్లంతవుతుంది. సాధన ఫైలును ఈమెయిల్‌లో పంపితే, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుగా విండోస్ దానికి గుర్తు వేస్తుంది. 2022 నుంచి అలాంటి ఫైళ్లలోని మాక్రోలను, అంటే వాటిలో రాసిన కోడ్‌ను, ఆఫీస్ తనంతట తానే అడ్డుకుంటోంది. ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ పెట్టెలో టిక్ పెట్టాలి. లేదా ప్రతి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ను ‘ట్రస్టెడ్ లొకేషన్’గా ముందే చేర్చి, ఫైలును అందులో పెట్టాలి. రెండోదే మేలు. ఏ కంప్యూటర్‌లో 32 బిట్ ఆఫీస్ ఉంది, ఎందులో 64 బిట్ ఉంది అన్నది కూడా రాసి పెట్టుకోండి. మధ్యాహ్నం డెవలపర్లకు, అంటే తయారుచేసేవారికి, అది అవసరమవుతుంది. ప్రతి ఒక్కరికీ సొంత కాపీ ఉండాలి. అసలు డేటాబేస్ మీద శిక్షణ వద్దే వద్దు. అసలు డేటా నుంచి కొంత భాగం తీసుకుని, అందులోని పేర్లు, ఫోను నంబర్లు మార్చేసి సాధన ఫైలు తయారుచేయండి. కల్పించిన డేటా మరీ శుభ్రంగా ఉంటుంది, దాని మీద ఎవరికీ ఏమీ అర్థం కాదు. మీ డేటాలో ఉన్న అక్షర దోషాలు, ఖాళీలు, రెండుసార్లు నమోదైన రికార్డులు అలాగే ఉండనివ్వండి. ఆ రోజుకు అవే పాఠాలు.

ఉదయం మొదటి గంటన్నర కంప్యూటర్లు మూసే ఉండాలి. ఎక్సెల్ షీటులా కనిపించే ఒకే పెద్ద పట్టికను కాగితాల మీద ముద్రించి అందరికీ ఇవ్వండి. ఒక్కో వరుసలో పరికరం పేరు, అది ఉన్న విభాగం, విభాగాధిపతి పేరు, ఫోను, మరమ్మతు 1 తేదీ, మరమ్మతు 1 ఖర్చు, మరమ్మతు 2 తేదీ, మరమ్మతు 2 ఖర్చు, మరమ్మతు 3... ఇలా ఉండాలి. ఇద్దరు వాడేవారు, ఒక డెవలపర్ చొప్పున జట్లు కట్టించండి. డెవలపర్లు ముగ్గురే కాబట్టి మూడు జట్లకే అలా కుదురుతుంది. మిగతా జట్లలో పాతవారిని, కొత్తవారిని కలపండి. తర్వాత ప్రశ్నలు వేయండి. నాలుగోసారి మరమ్మతుకు వస్తే ఎక్కడ రాస్తారు? విభాగాధిపతి మారితే ఎన్ని వరుసల్లో దిద్దాలి? ఒక వరుస దిద్దడం మరిచిపోతే, రెండింటిలో ఏది నిజం? ఇంకా ఒక్క పరికరం కూడా రాని కొత్త విభాగాన్ని ఈ పట్టికలో ఎలా రాస్తారు?

ఆ చివరి ప్రశ్న దగ్గర గది నిశ్శబ్దమవుతుంది. తొందరపడి జవాబు చెప్పకండి. విభాగం అనేది పరికరంతో సంబంధం లేకుండా తనంతట తాను ఉండే విషయమని, దానికి సొంత చోటు కావాలని వాళ్లంతట వాళ్లే అనేదాకా ఆగండి. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను (సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడిపడిన టేబుళ్లుగా ఉంచే పద్ధతిని) ప్రతిపాదించినప్పటి నుంచి ఈ రంగం నిలబడింది ఈ ఆలోచన మీదే: ఒక విషయాన్ని ఒక్కచోటే రాయాలి, మిగతా చోట్ల దాన్ని కీ, అంటే దాని గుర్తింపు సంఖ్య, ద్వారా సూచించాలి. ఇలా విడగొట్టే నియమాలైన నార్మల్ ఫారంల పేర్లు, నిర్వచనాలు ఆ రోజు చెప్పనవసరం లేదు. కత్తెర ఇచ్చి కాగితాన్ని ముక్కలు చేయమనండి. విభాగాలు ఒక కుప్ప, పరికరాలు ఒక కుప్ప, మరమ్మతులు ఒక కుప్ప. ఒక్కో మరమ్మతుకు ఇద్దరు ముగ్గురు మెకానిక్‌లు, ఒక్కో మెకానిక్‌కు అనేక మరమ్మతులు ఉన్నప్పుడు మధ్యలో ఇంకో కుప్ప కావాల్సి వస్తుంది. ఈ మధ్య టేబుల్ అవసరాన్ని ఒకసారి చేతులతో కనుక్కున్నవారు ఇక మరిచిపోరు.

తర్వాత కంప్యూటర్లు తెరిచి ఆ కుప్పలనే టేబుళ్లుగా చేయించండి. రిలేషన్‌షిప్స్ విండోలో గీతలు గీయించి, రెఫరెన్షియల్ ఇంటెగ్రిటీ (టేబుళ్ల మధ్య సంబంధం తెగనివ్వని నియమం) పెట్టె టిక్ చేయించండి. మరమ్మతులు నమోదై ఉన్న ఒక పరికరాన్ని తొలగించమనండి. యాక్సెస్ ఒప్పుకోదు. అది అడ్డంకి కాదని, మూడేళ్ల మరమ్మతుల చరిత్ర గాలిలో కలిసిపోకుండా పెట్టిన కాపలా అని వాడేవారికి అప్పుడే చెప్పండి. ‘స్థితి’ ఫీల్డ్‌కు ఒక చిన్న టేబుల్ పెట్టి, అందులోని విలువల్లో ఒకటి ఎంచుకునేలా కాంబో బాక్స్ పెట్టడం కూడా ఇక్కడే.

డేటా రకాల దగ్గర కాస్త నిలబడాలి. ఫోను నంబరు, పరికరం క్రమసంఖ్య లాంటివి అంకెలతో ఉన్నా టెక్స్ట్‌గానే ఉంచాలి, లేకపోతే ముందున్న సున్నాలు పోతాయి. నంబర్ ఫీల్డ్ మామూలుగా లాంగ్ ఇంటిజర్‌గా మొదలవుతుంది. అందులో 12.75 అని టైపు చేస్తే 13 అయి కూర్చుంటుంది, ఎవరినీ హెచ్చరించదు. డబ్బుకు కరెన్సీ రకమే వాడాలి. అది నాలుగు దశాంశ స్థానాల వరకు కచ్చితంగా లెక్కిస్తుంది, డబుల్ రకం అలా లెక్కించదు. ఫీల్డ్‌లకు ‘నేమ్’, ‘డేట్’ అని ఇంగ్లిష్‌లో పేర్లు పెట్టవద్దని డెవలపర్లకు గట్టిగా చెప్పండి. ఫారం కోడ్‌లో ‘మీ డాట్ నేమ్’ (Me.Name) అని రాస్తే రికార్డులోని పేరు రాదు, ఫారం పేరు వస్తుంది. ఈ తప్పు పట్టుకోవడానికి పూటంతా పడుతుంది.

భోజనానికి ముందు మిగిలిన సమయమంతా క్వెరీలకు ఇవ్వండి. వాడేవారికి క్వెరీలు ఎందుకు, రిపోర్టులు చాలవా అని మీకు అనిపించవచ్చు. క్వెరీ రాయడం వస్తే వారు ప్రతి చిన్న ప్రశ్నకూ డెవలపర్ దగ్గరికి రానక్కరలేదు. అంతకంటే ముఖ్యంగా, తాము నమోదు చేసినదాన్ని ఎవరు ఎలా చదువుతున్నారో వారికి కనిపిస్తుంది. క్వెరీని గళ్లలో నింపి తయారుచేసే యాక్సెస్‌లోని డిజైన్ గ్రిడ్ కోడ్ రాయనివారి కోసమే పుట్టింది. 1970లలో ఐబీఎంలో మోషే జ్లూఫ్ రూపొందించిన ‘క్వెరీ బై ఎగ్జాంపుల్’ పద్ధతి దానికి మూలం. దాన్ని డెవలపర్లకే పరిమితం చేయడం అన్యాయం.

మూడు క్వెరీలు చాలు, కానీ మూడూ లోతుగా చేయాలి.

మొదటిది, ‘పూర్తి కాని మరమ్మతులు’. అందరూ స్థితి కింద ‘పూర్తి’కి సమానం కాదు అని రాస్తారు. ఫలితంలో కొన్ని రికార్డులు కనిపించవు. స్థితి ఖాళీగా వదిలేసినవే ఆ కనిపించనివి. ఖాళీ అంటే ‘పూర్తి కాదు’ అని యాక్సెస్ అనుకోదు, ‘తెలియదు’ అనుకుంటుంది. తెలియనిదాన్ని దేనితో పోల్చినా జవాబు తెలియదే, అందుకే ఆ వరుస ఫలితంలోకి రాదు. ఈ నల్ (ఖాళీ విలువ) సంగతి మీద ఇరవై నిమిషాలు పెట్టినా నష్టం లేదు. ‘ఈజ్ నల్’ అనే షరతు కూడా చేర్చించండి. ఫీల్డ్ ఖాళీగా వదిలితే ఏమవుతుందో చూసినవారు, మర్నాటి నుంచి వదలడం తగ్గిస్తారు. ఆ ఫీల్డ్‌ను తప్పనిసరి చేయాలా వద్దా అన్న చర్చ కూడా అక్కడే మొదలవుతుంది, మొదలవనివ్వండి.

రెండోది, ‘ఇంతవరకు ఒక్కసారి కూడా మరమ్మతుకు రాని పరికరాలు’. రెండు టేబుళ్లనూ మామూలుగా కలిపితే అవే మాయమవుతాయి. మధ్య గీత మీద రెండుసార్లు క్లిక్ చేసి, పరికరాలన్నీ రావాలి అనే ఎంపికకు మార్చాలి. అదే లెఫ్ట్ జాయిన్. మరమ్మతు నంబరు కింద ‘ఈజ్ నల్’ పెడితే జాబితా వస్తుంది. ‘లేనివాటిని’ అడగడం కూడా సాధ్యమేనని వాడేవారికి తెలిసే క్షణం అది. డెవలపర్లకు ఇంకొక మెట్టు ఎక్కించండి. అదే క్వెరీలో ‘ఈజ్ నల్’ తీసేసి, మరమ్మతు తేదీ మీద ఒక షరతు పెట్టమనండి. లెఫ్ట్ జాయిన్ ఉన్నా మరమ్మతులు లేని పరికరాలు మళ్లీ మాయమవుతాయి. తేదీ షరతును ముందు వేరే క్వెరీలో పెట్టి, దానితో జాయిన్ చేయాలి.

మూడోది, ఒక్కో పరికరానికి ఎన్ని మరమ్మతులు. అన్ని వరుసలనూ లెక్కపెట్టే కౌంట్ వాడితే, ఒక్క మరమ్మతూ లేని పరికరానికి 1 వస్తుంది. మరమ్మతు నంబరు ఫీల్డ్‌ను లెక్కపెడితే 0 వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి, ఎందుకని అడగండి.

భోజనం తర్వాత విడిపోండి. వాడేవారి గదిలో పెద్ద పాఠం ఏమీ లేదు, చిన్నవే చాలా ఉన్నాయి. యాక్సెస్‌లో రికార్డును ‘సేవ్’ చేయనక్కరలేదు. వేరే రికార్డుకు జరగగానే అది టేబుల్‌లోకి వెళ్లిపోతుంది. వర్డ్, ఎక్సెల్‌కు అలవాటుపడినవారు ఇక్కడే దెబ్బతింటారు, సేవ్ చేయకుండా మూసేస్తే మార్పులు పోతాయనుకుంటారు. రికార్డు పక్కన పెన్సిల్ గుర్తు ఉన్నంతసేపే ఎస్కేప్ కీతో వెనక్కి వెళ్లే వీలుంటుంది. ఎస్కేప్ కీ ఒకసారి నొక్కితే ఆ ఫీల్డ్ పాత స్థితికి వస్తుంది, రెండోసారి నొక్కితే రికార్డంతా వస్తుంది. కంట్రోల్‌తో సెమీకోలన్ నొక్కితే ఇవాళ్టి తేదీ, కంట్రోల్‌తో అపాస్ట్రఫీ నొక్కితే పై రికార్డులోని విలువ వచ్చేస్తాయి. షిఫ్ట్, ఎఫ్2 నొక్కితే ఇరుకు పెట్టెలోని పొడుగు వాక్యం పెద్ద విండోలో తెరుచుకుంటుంది. ప్రతి రికార్డుకూ యాక్సెస్ తనంతట తానే ఇచ్చే ఆటోనంబర్ మధ్యలో అంకెలు ఎగిరిపోతే కంగారు పడవద్దని చెప్పండి. అది రికార్డును గుర్తించడానికే, వరుసగా లెక్కపెట్టడానికి కాదు. ఫారంలో ఫిల్టర్ చేయడం, సార్ట్ చేయడం, ఫలితాన్ని ఎక్సెల్‌కు పంపడం చేయించండి. అలా పంపిన షీటులో దిద్దుబాట్లు చేసి, దాన్నే అసలు లెక్కగా వాడుకోవద్దని మాత్రం తప్పక చెప్పండి. అలా చేస్తే నిజం రెండు చోట్ల ఉంటుంది, ఉదయమంతా నేర్చుకున్నది దీనికి విరుద్ధమే కదా.

డెవలపర్ల గదిలో మొదటి విషయం డేటాబేస్‌ను విడగొట్టడం. మీ ఫైలు ఇప్పటికీ ఒకటే అయి, అందరూ సర్వర్ మీది అదే ఫైలు తెరుస్తున్నట్టయితే, మిగతా అన్నీ ఆపి ముందు ఈ పని చేయించండి. టేబుళ్లు మాత్రమే ఉన్న బ్యాక్ ఎండ్ సర్వర్ మీద ఉండాలి. ఫారంలు, క్వెరీలు, రిపోర్టులు, కోడ్ ఉన్న ఫ్రంట్ ఎండ్ ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లో సొంత కాపీగా ఉండాలి. రిలేషన్‌షిప్‌లు, ఇంటెగ్రిటీ నియమాలు బ్యాక్ ఎండ్‌లోనే పెట్టాలి, లింక్ చేసిన టేబుళ్ల మీద పెడితే అవి పనిచేయవు. బ్యాక్ ఎండ్‌ను వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్లలో పెట్టకూడదు. అవి ప్రతి కంప్యూటర్‌లో ఫైలుకు వేరే కాపీ ఉంచుతాయి. ఎవరు ఏ రికార్డు మీద పనిచేస్తున్నారో చూసే లాక్ ఫైలు అక్కడ నిరర్థకం. వైఫై మీద, వీపీఎన్ మీద బ్యాక్ ఎండ్ తెరవడం కూడా ప్రమాదమే. రాసే మధ్యలో కనెక్షన్ తెగితే ఫైలు పాడయ్యే అవకాశం ఉంది. ఆ ఫోల్డర్‌లో వాడేవారందరికీ ఫైళ్లు సృష్టించే, తొలగించే అనుమతి ఉండాలి, లాక్ ఫైలు పుట్టేదీ పోయేదీ అక్కడే కాబట్టి.

యాక్సెస్ ఫైలు పరిమాణానికి పరిమితి 2 గిగాబైట్లు. తొలగించిన రికార్డుల చోటు దానంతట అది తిరిగి రాదు. కాంపాక్ట్ అండ్ రిపేర్ చేస్తేనే వస్తుంది. అది చేసే ముందు అందరూ బయటికి రావాలి, బ్యాకప్ తీయాలి. ఫొటోలను, స్కాన్ చేసిన పత్రాలను టేబుల్‌లో నింపకండి, ఫోల్డర్‌లో ఉంచి, అవి ఉన్న చోటు (పాత్) మాత్రం టేబుల్‌లో రాసుకోండి. ఒకేసారి 255 మంది దాకా తెరవవచ్చని పత్రాలు చెబుతాయి, కానీ ఏకకాలంలో రాసేవారు పదుల్లోకి చేరినప్పుడే ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి పెద్ద డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీదికి టేబుళ్లను మార్చే ఆలోచన మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. విడగొట్టి ఉంటే ఫ్రంట్ ఎండ్‌లో చాలా భాగం అలాగే పనికొస్తుంది. వేగం సంగతికొస్తే, ఫారం తెరిచినప్పుడు టేబుల్ మొత్తాన్ని తీసుకురాకుండా, కావలసిన రికార్డులకే షరతు పెట్టి తెరవడం మొదటి మందు.

కోడ్ విషయానికి వస్తే నేను తప్పక చూపించేవి ఇవి. ప్రతి మాడ్యూల్ పైన ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ (వేరియబుళ్లను ముందే ప్రకటించాలనే ఆజ్ఞ) ఉండాలి. 200ను 200తో గుణించి లాంగ్ వేరియబుల్‌లో పెట్టమనండి, ఓవర్‌ఫ్లో ఎర్రర్ వస్తుంది. ఆ రెండు అంకెలనూ వీబీఏ ఇంటిజర్‌గానే చూస్తుంది, ఇంటిజర్ 32,767 దాటదు. తేదీలు మరీ ప్రమాదకరం. కోడ్‌లో ఎస్‌క్యూఎల్ (క్వెరీలు రాసే భాష) వాక్యం కూర్చేటప్పుడు 05/06/2024 అని రాస్తే, కంప్యూటర్‌లో తేదీ ఏ పద్ధతిలో ఉన్నా యాక్సెస్ దాన్ని మే 6 అనే చదువుతుంది. 25/06/2024 అని రాస్తే మాత్రం 25వ నెల లేదు కాబట్టి జూన్ 25 అని చదువుతుంది. అంటే నెలలో 12వ తేదీ దాటాక అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే సంవత్సరం, నెల, రోజు వరుసలో కూర్చడం అలవాటు చేయించండి. హెచ్చరికలు ఆపే ‘సెట్ వార్నింగ్స్’ ఆజ్ఞను వాడి, మధ్యలో ఎర్రర్ వచ్చి తిరిగి ఆన్ కాకపోతే, ఆ తర్వాత డిలీట్‌లు కూడా అడగకుండా జరిగిపోతాయి. దాని బదులు ‘ఎగ్జిక్యూట్’ పద్ధతిని, ఎర్రర్ వస్తే ఆ మార్పును ఆపే ‘డీబీ ఫెయిల్ ఆన్ ఎర్రర్’తో కలిపి వాడాలి. విండోస్ ఏపీఐ డిక్లరేషన్లు (విండోస్ సొంత ఫంక్షన్లను కోడ్ నుంచి పిలిచే వాక్యాలు) ఉంటే, 64 బిట్ ఆఫీస్‌లో ‘పీటీఆర్ సేఫ్’ అనే మాట లేకుండా అవి కంపైల్ కావు. ముందే రాసి పెట్టుకున్న 32, 64 జాబితా ఇక్కడ తీయండి.

తెలుగులో ఫారంలు చేస్తున్నవారికి మరొకటి. టేబుళ్లలో, ఫారం లేబుళ్లలో తెలుగు బాగానే నిలుస్తుంది కానీ వీబీఏ ఎడిటర్ యూనికోడ్‌ను (అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే ప్రమాణాన్ని) అర్థం చేసుకోదు. అక్కడ తెలుగు సందేశం రాస్తే ప్రశ్నార్థకాలు మిగులుతాయి, మామూలు మెసేజ్ బాక్స్‌లోనూ అంతే. సందేశాలను ఒక టేబుల్‌లో పెట్టుకుని, చిన్న ఫారంలో చూపించడం తేలికైన దారి. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా) ఎగుమతి చేసేటప్పుడు కోడ్ పేజీగా యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే అక్కడా ఇదే గతి.

ఇక చివరి గంట. నా దృష్టిలో ఈ రోజులో వదులుకోకూడనిది ఇదే. అందరినీ మళ్లీ ఒకే గదిలోకి తీసుకురండి. ముగ్గురు డెవలపర్లను ముగ్గురు వాడేవారి వెనక కూర్చోబెట్టండి. వాడేవారికి మామూలు పని ఒకటి ఇవ్వండి: ఫలానా పరికరం మరమ్మతుకు వచ్చింది, నమోదు చేయండి, ఈ నెల ఖర్చుల రిపోర్టు తీయండి. డెవలపర్ నోరు విప్పకూడదు, మౌస్ ముట్టుకోకూడదు. ‘అక్కడ నొక్కండి’ అనాలనిపించిన ప్రతిసారీ ఆ చోటును కాగితం మీద రాసుకోవాలి. తాము స్పష్టంగా ఉందనుకున్న బటన్‌ను ఎవరూ చూడటం లేదని, ట్యాబ్ నొక్కితే కర్సర్ ఎక్కడికో దూకుతోందని, ఒకే వివరాన్ని రెండు ఫారంలలో టైపు చేయాల్సి వస్తోందని వారికి మొదటిసారి తెలుస్తుంది. ఎవరు చెప్పినా తెలియనిది పది నిమిషాలు మౌనంగా చూస్తే తెలుస్తుంది. పని తర్వాత వాడేవారిని కూడా అడగండి: ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు. ఇది పరీక్ష కాదని, తప్పు జరిగితే అది ఫారం లోపమని ముందే చెప్పండి. పై అధికారులు ఆ గంట గదిలో లేకపోతే ఇంకా మంచిది.

ఆ కాగితాలన్నీ ఒకచోట చేర్చి, సులువుగా తీరేవి, టేబుల్ నిర్మాణం మార్చాల్సినవి అని రెండుగా విడదీయండి. మొదటి రకాన్ని డెవలపర్లు వారం లోపు సరిచేసి, కొత్త ఫ్రంట్ ఎండ్ పంచాలి. రెండో రకం మీద నిర్ణయాలకు తొందర వద్దు, పాత డేటాను కొత్త నిర్మాణంలోకి మార్చే పని అందులో ఉంటుంది. రెండు మూడు వారాల తర్వాత ఒక గంట సమావేశానికి ఆ రోజే తేదీ ఖరారు చేయండి, ఉదయం చేసిన మూడు క్వెరీలను తమ సొంత ప్రశ్నలకు మార్చి రాసుకు రమ్మనండి.

మీరు లిబ్రేఆఫీస్ బేస్ లేదా ఫైల్‌మేకర్ వాడుతున్నా ఉదయం భాగం, చివరి గంట మారవు. మధ్యాహ్నం చెప్పిన మెనూలు, పరిమితులు, కోడ్ సంగతులను మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌కు తగినట్టు మార్చుకోవాలి. సాధన ఫైలు తయారుచేశాక దాని టేబుళ్ల జాబితా ఇక్కడ పెట్టండి, ఏ ప్రశ్నలు వేస్తే బాగుంటుందో చూసి చెబుతాను.